కృష్ణా వాటా లెక్క ఏ ఏళ్లది?

మన వాటా ఇన్ని టీఎంసీలని రచ్చబండ దగ్గర రోజూ వాదించుకుంటాం. ఆ అంకె ఎలా పుట్టిందో ఇవాళ రాస్తున్నా. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. అక్కడ ఏటేటా రాసిపెట్టిన నీటి లెక్కలే తర్వాత పంపకానికి ఆధారమయ్యాయి. 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహం చూసింది. నూటికి 75 ఏళ్లు తగ్గకుండా వచ్చే నీరు 2060 టీఎంసీలని తేల్చింది. మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800 అందులోంచే.

ఈ లెక్క వెనక ఓ నమ్మకం ఉంది: రాబోయే ఏళ్లు కూడా పోయిన ఏళ్లలాగే ఉంటాయని.

2010లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లే తీసుకుంది. అదే 75 శాతానికి 2173 వచ్చింది. నది అదే, అంకె మాత్రం 113 టీఎంసీలు పెరిగింది. పైగా 65 శాతం లెక్కన 2293 అంది. అంటే అన్ని నీళ్లు రాని ఏళ్లు నూటికి 25 కాదు, 35. అలాంటి ఏడు ముందు ఎండేది కాలవ చివరి భూములోళ్లమే.

మరి పాత లెక్క నిలకడగా ఉందో లేదో ఎట్టా తెలుస్తుంది? ప్రతి ఏడాదినీ దాని తర్వాత వచ్చిన ప్రతి ఏడాదితో పోల్చాలి. పెరిగితే ఒకటి కలపాలి, తగ్గితే ఒకటి తీసెయ్యాలి. చివరికి సున్నాకి దగ్గర్లో ఉంటే నది ఒక వైపుకి జారట్లేదనుకోవచ్చు. బాగా దూరం పోతే జారుతున్నట్టే. దీన్నే మాన్-కెండల్ పరీక్ష అంటారు. కాకపోతే పై డ్యాముల వాడకాన్ని తిరిగి కలిపాకే ఇది చెయ్యాలి. లేకపోతే మనుషులు వాడుకున్న నీటిని చూసి వాన తగ్గిందనుకుంటాం.

2009లో, మళ్లీ 2024లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది. కాలం మారిందని మనకి అనిపిస్తుంది. కానీ రెండు వరదలు రుజువు కావు, వరస లెక్కలు కావాలి.

అందుకే ఇకపై ఎన్ని టీఎంసీలని మాత్రమే అడక్కండి. ఏ ఏళ్ల లెక్క, నిలకడ పరీక్ష చేశారా అని కూడా అడగండి. మీ పొలంలో పడ్డ వాన ఓ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మన పిల్లలకి పనికొస్తుంది.