వేలిముద్ర వెయ్యని తాత

1988 జూన్. బడి తెరిచి రెండు రోజులైంది. బాపట్ల దగ్గర ఒక హైస్కూల్లో ఆరో తరగతి అడ్మిషన్లు నేను రాస్తున్నాను. ఒక ముసలాయన మనవణ్ణి చెయ్యిపట్టుకుని వచ్చాడు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాసుకున్నాను. గ్రామం గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గించి, "బాపట్ల అని రాసెయ్యండమ్మా" అన్నాడు. ఐదో తరగతి కాగితంలో స్టూవర్టుపురం అని ఉంది. ఉన్నదే రాయాలి తాతా అని చెప్పి అదే రాశాను. ఆయన ఇంకేమీ అనలేదు.

చివర్న ఇంకుప్యాడు ముందుకు జరిపి వేలిముద్ర వెయ్యమన్నాను. ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. పెన్ను అడిగాడు. బల్ల మీదికి వంగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, తన పేరు రాయడానికి రెండు నిమిషాలు తీసుకున్నాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. రాయడం అయ్యాక నాతో అన్నాడు: "మా నాయన చేత పదివేళ్లూ వేయించుకున్నారమ్మా. నేను వెయ్యను."

నేను సోషల్ టీచర్ని. నేను చెప్పిన పాఠ్యపుస్తకాల్లో రౌలట్ చట్టం ఉంది, ఉప్పు సత్యాగ్రహం ఉంది. క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ లేదు. దాని కింద నలిగినవాళ్ల మనవలు మాత్రం నా ఎదుట బెంచీల మీద కూర్చున్నారు. ఆ పదివేళ్ల సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. తెలుసుకున్నది రాయకపోతే ఆయనకు బాకీ పడినట్టే.

తాత జాతివాళ్లైన ఎరుకలవాళ్లు ఒకప్పుడు మన ఊళ్లకు అక్కర్లేనివాళ్లేమీ కారు. సముద్రపు ఒడ్డున ఉప్పు కొఠార్ల దగ్గర ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకుపోయేవాళ్లు. తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. వాళ్లే ఉప్పు ఎరుకలవాళ్లు. వెదురు చీల్చి తట్టలు, బుట్టలు, చేటలు అల్లినవాళ్లు దబ్బ ఎరుకలవాళ్లు. కరివేపాకు అమ్మినవాళ్లకు ఆ ఆకు పేరే ఇంటిపేరులా అతుక్కుంది. ఆడవాళ్లు వీధిలో సోది చెబుతామని కేక వేస్తే, మా అమ్మమ్మ చేటలో బియ్యం పోసి అరుగు మీద కూర్చోబెట్టేది. వాళ్ల నోట మంచి మాట వినకుండా పెళ్లి మాట ఎత్తని ఇళ్లుండేవి.

1805లోనే కుంఫిణీ ప్రభుత్వం మద్రాసు రాజ్యంలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. తర్వాత రైళ్లు వచ్చాయి. గాడిద మీద నాలుగు బస్తాలు మోసేవాడు గూడ్సుబండితో ఎలా పోటీ పడతాడు? 1876 నుంచి రెండేళ్లు ధాత కరువు. 1882లో అటవీ చట్టం. నిన్నటిదాకా కొట్టుకొచ్చుకున్న వెదురు ఒక్క కలంపోటుతో సర్కారు సొత్తయింది. ఉప్పూ పోయి, వెదురూ పోయి, తిరిగే దారి ఒక్కటే మిగిలింది. పని లేకుండా ఊరూరా తిరిగేవాణ్ణి పోలీసు ఏమనుకుంటాడో వేరే చెప్పాలా? దొంగతనాలు జరగలేదని నేననను. జరిగాయి. కన్నం పడిన ఇంటివాళ్ల ఏడుపు కూడా ఏడుపే. దొంగను పట్టుకుని శిక్షించే హక్కు ప్రభుత్వానికి ఉంది. ఆ పని ఎలా చేసిందన్నదే నా గొడవ.

1871లో ఉత్తరాదిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ వచ్చింది. దాన్ని తెచ్చిన దొరల వాదన ఒక్కటే: ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె, కాబట్టి దొంగ కొడుకు దొంగ. మద్రాసు రాజ్యానికి ఆ తాడు 1911 చట్టంతో వచ్చి పడింది. ప్రభుత్వం ఒక కులాన్నో గుంపునో నేరస్థ జాతి అని గెజిట్‌లో ప్రకటిస్తే, అది తప్పని ఏ కోర్టులోనూ అడగడానికి లేదు. పేరు రిజిస్టర్లో ఎక్కాలి. వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు చెప్పినచోట హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. కొన్ని రకాల నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తక్కువ కాకుండా జైలు, మూడోసారైతే యావజ్జీవ ద్వీపాంతరం. అదే నేరం మరొకడు చేస్తే ఈ లెక్క లేదు. ఇక్కడ శిక్ష మొదట పుట్టుకకు పడింది.

ఆ చట్టం కింద కట్టిన ఊరే స్టూవర్టుపురం. 1913-14 ప్రాంతాల్లో, రక్షణ సైన్యం అని మనవాళ్లు పిలిచే సాల్వేషన్ ఆర్మీ చేతిలో దీన్ని పెట్టారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి పెట్టారు. ఆ సంస్థను 1882లో ఈ దేశానికి తెచ్చిన బూత్ టక్కర్ దొర అంతకు ముందు ఐసీఎస్ అధికారి. నేరాన్ని జబ్బుగా, తమ సెటిల్‌మెంట్లను ఆస్పత్రులుగా ఆయన భావించాడు. ఆ చికిత్సకు 'క్రిమినోక్యూరాలజీ' అని ఇంగ్లీషులో ఒక కొత్త పేరు కూడా కల్పించాడు. ఇలాంటివి మన వైపు ఇంకా ఉండేవి. బెజవాడకు ఎదురుగా కృష్ణ అవతలి గట్టున సీతానగరం, నెల్లూరు జిల్లాలో బాప్టిస్టు మిషను నడిపిన కావలి, అప్పటి కర్నూలు జిల్లాలో సిద్ధాపురం.

భూమి ఇచ్చారు, బడి పెట్టారు, ఆస్పత్రి సాయం చేశారు. కాదనను. కానీ అది ఊరు కాదు. ఊరంటే ఇష్టమైనప్పుడు వెళ్లి ఇష్టమైనప్పుడు తిరిగి రాగలిగిన చోటు. అక్కడ హాజరు ఉంది. పెళ్లికో చావుకో పోవాలన్నా పాసు రాయించుకోవాలి. చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చాక సెటిల్‌మెంట్ మనుషులు అక్కడ కూలికి పోయారు. ఉప్పు మోసి తన బేరం తాను చేసుకున్న మనిషి, చెప్పిన వేళకు పొగాకు కొట్టంలో నిలబడాల్సి వచ్చింది. నేర నివారణ పేరుతో మొదలైన ఏర్పాటు, చౌకగా, చెప్పినట్టు వచ్చే కూలీలను కట్టిపడేసే ఏర్పాటుగా కూడా పనికొచ్చింది.

టీచర్‌గా నన్ను అన్నిటికన్నా కలచివేసింది ఆ చట్టంలోని పిల్లల సెక్షను. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, వృత్తి బడుల్లోనో దిద్దుబాటు బడుల్లోనో పెట్టవచ్చు. తల్లి ఒళ్లో ఉంటే నేరం అంటుకుంటుందని భయం. నలభై మందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని. ఆరేళ్ల పిల్ల బళ్లో మొదటి రోజు ఎందుకు ఏడుస్తుందో నాకు తెలుసు. సాయంత్రం అమ్మ వస్తుందని చెబితే ఊరుకుంటుంది. ఆ మాట చెప్పడానికి వీల్లేని బడి ఎలాంటి బడి? ఇంటి భాష కుర్రు, బడి భాష వేరు, దేవుడు వేరు. తల్లిదండ్రులు చెడ్డవాళ్లని నేర్పడమే మొదటి పాఠం అయిన చోట చదువు మీద ఇష్టం ఎలా పుడుతుంది? తరవాతి రోజుల్లో ఆ పల్లె పిల్లలు బడి మానేస్తుంటే, వాళ్లకు చదువు మీద ధ్యాస లేదని మా స్టాఫ్‌రూమ్‌లో అనుకునేవాళ్లం. బడికి ఆ ఇళ్లలో ఏ పేరుండేదో ఎవరం అడగలేదు.

ఎదిరించినవాళ్లూ మనవాళ్లే. నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య గారు, ఇదే చట్టం కింద నలిగిన యానాదుల మధ్యే బతికి, వాళ్ల మెడ మీద నుంచి ఈ కాడి దించడానికి ఏళ్ల తరబడి పోరాడారు. ఆయన్ని జనం యానాదుల రాఘవయ్య అనే పిలిచారు. అంతకన్నా గొప్ప బిరుదు ఏముంటుంది? 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ, ఒక జాతి మొత్తాన్ని పుట్టుకతో నేరస్థులనడం న్యాయానికే విరుద్ధమని అక్కడే ఖండించారు. మద్రాసు రాజ్యం 1947లో చట్టాన్ని రద్దుచేసింది. దేశం మొత్తానికి ఏం చెయ్యాలో తేల్చడానికి వేసిన కమిటీకి మన తిరుచానూరు మనిషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షులు. 1950లో నివేదిక ఇచ్చారు. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. దేశంలోని విముక్త జాతులు ఈనాటికీ ఆ రోజును పండగ చేసుకుంటాయి.

చట్టం పోయినా రిజిస్టరు పోలేదు. మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తనదొకటి చేసుకుంది. కాగితం మీద తేడా పెద్దదే. ఇది కులాన్ని చూడదు, శిక్షలు పడిన మనిషిని చూస్తుంది. స్టేషన్లో ఆచరణ వేరు. మనం తిట్టుగా వాడే 'కేడీ' అన్న మాట పోలీసు రికార్డుల్లోదే, 'నోన్ డిప్రెడేటర్' అన్నదానికి పొట్టి రూపం. చుట్టుపక్కల ఎక్కడ తాళం పగిలినా ముందు జీపు ఆగేది స్టూవర్టుపురంలోనే. దొంగతనం చేసినా స్టేషనే, మానేసినా స్టేషనే అయితే మానెయ్యడానికి మనిషికి ఏం ఆశ మిగులుతుంది?

ఈ ముడిని వేరే చేత్తో విప్పాలని చూసినవాళ్లు హేమలతా లవణం గారు. కవి జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కోడలు. భర్త లవణం గారితో కలిసి, 1970ల మధ్యలో, ప్రభుత్వ సహకారంతోనే ఆ ఊళ్లో అడుగుపెట్టారు. చంబల్ బందిపోట్ల లొంగుబాటు పనిలో పాల్గొన్న అనుభవం వాళ్లకుంది. ఇళ్లలోకి వెళ్లి, జైలుకెళ్లొచ్చిన మగవాళ్లతో, వాళ్ల కోసం ఎదురుచూసిన ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడారు. బతుకుతెరువు, పిల్లలకు చదువు, స్టేషన్ వేధింపులు లేకపోవడం, ఈ మూడూ కలిసి రావాలని పట్టుబట్టారు. నూరేళ్ల ప్రయత్నాల్లో నా మనసు ఒప్పుకున్నది ఇదొక్కటే. మనిషిని ముందు మనిషి అని పలకరించి, తర్వాత నేరం మాట ఎత్తారు.

1991లో ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి, ఒకటి పోలీస్ స్టేషన్ అని, ఒకటి దొంగలు అని. బళ్లో పిల్లలకు కొత్త వెక్కిరింత దొరికింది. ఆ ఏడే మా ఎనిమిదో తరగతిలో నాగార్జునకొండ విహారయాత్రకు పోగుచేసిన డబ్బు కనబడలేదు. ఆ ఊరి పిల్లలు నలుగురున్నారు. వాళ్ల సంచులే వెతికాం. వెతికినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక సంచిలో నోటు పుస్తకాలు, సద్ది గిన్నె, సగం అరిగిన రబ్బరు ఉన్నాయి. అది తాత మనవడి సంచి. మర్నాడు ఆ డబ్బు రసీదు పుస్తకం అట్టలో, మా గదిలోనే దొరికింది.

మూడు రోజుల తర్వాత తాత వచ్చాడు. కోప్పడలేదు. "ఆ రోజు బాపట్ల అని రాసుంటే మావాడి సంచి వెతికేవాళ్లా అమ్మా?" అని అడిగాడు. క్షమించమని ఆయన్నీ అడిగాను, క్లాసు ముందు ఆ నలుగురినీ అడిగాను. అది చాలదని నాకు తెలుసు. పిల్లవాడు మా బళ్లోనే పది పాసయ్యాడు. టీసీలో గ్రామం పేరు నేనే రాశాను, స్టూవర్టుపురం అనే.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్షను కొట్టివేస్తూ, విముక్త జాతులవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చెయ్యకూడదని పోలీసులకు గుర్తుచేసింది. చట్టం పోయిన డెబ్భై రెండేళ్లకు ఆ మాట మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఉద్యోగంలో ఉన్న సోషల్ టీచర్లను ఒక్కటి అడుగుతున్నాను. పాఠ్యపుస్తకంలో ఉన్నా లేకపోయినా, ఈ ఏడు ఆగస్టు 31న బోర్డు మీద ఆ తేదీ రాయండి. ఒక పీరియడ్ ఆ పదివేళ్ల గురించి పిల్లలకు చెప్పండి.