బీఏ చదివి ఎంబీబీఎస్: దారి ఉంది, అడుగు వేసే ముందు ఇవి చూసుకోండి

డిగ్రీలో చరిత్రో, సాహిత్యమో చదువుతున్న అమ్మాయి ‘ఇప్పుడు డాక్టరు కావచ్చా?’ అని అడిగితే మన ఇళ్లలో రెండు రకాల జవాబులు వస్తాయి. పెద్దనాన్నగారు ‘సైన్సు తీసుకోలేదు కదమ్మా, ఇక ఆ మాట మరచిపో’ అంటారు. పిన్నిగారేమో ‘అమెరికాలో మనవాళ్ల అమ్మాయి ఇంగ్లీషు సాహిత్యం చదివే మెడిసిన్‌లో చేరింది, నువ్వూ చేరు’ అంటారు. ఇద్దరి మాటా మన దేశానికి సరిపోదు.

అమెరికాలో వైద్యవిద్య డిగ్రీ తరవాత మొదలవుతుంది. ఏ సబ్జెక్టులో డిగ్రీ చేసినా, కావలసిన సైన్సు కోర్సులు పూర్తి చేసి, ఎంక్యాట్ రాసి చేరవచ్చు. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల 1987లోనే ఆర్ట్స్ విద్యార్థుల కోసం ప్రత్యేక ప్రవేశ మార్గం పెట్టింది. మన దగ్గర ఎంబీబీఎస్ పన్నెండో తరగతి తరవాతి చదువు. అందుకే బీఏ ఇక్కడ అడ్డమూ కాదు, అదనపు అర్హతా కాదు. మూడేళ్లు చదివారని ఒక్క సెమిస్టరు కూడా తగ్గించరు.

అడిగేవి రెండే. పన్నెండో తరగతి స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ (లేదా బయోటెక్నాలజీ), ఇంగ్లీషు పాసై ఉండాలి. నీట్‌లో ర్యాంకు రావాలి. వయసు 17 నిండితే చాలు, పై పరిమితి లేదు. ఈ పన్నెండో తరగతిని తమిళనాడులో ప్లస్ టూ అన్నా, కర్ణాటకలో పీయూసీ అన్నా, మహారాష్ట్రలో హెచ్ఎస్సీ అన్నా లెక్క ఒకటే.

ఆర్ట్స్‌తో పన్నెండు పాసైనవారికి ఆ మూడు సబ్జెక్టులు ఎలా వస్తాయన్నదే అసలు ప్రశ్న. చాలాకాలం దీనికి జవాబు లేదు. రెండేళ్లు క్రమం తప్పకుండా కాలేజీలో చదివి ఉండాలనేవారు, ఓపెన్ స్కూల్ చదువు చెల్లదనేవారు. ఇప్పుడా పరిస్థితి మారింది. పన్నెండో తరగతి పాసయ్యాక గుర్తింపు పొందిన బోర్డు నుంచి ఈ సబ్జెక్టులను అదనంగా పాసైనా నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. ఓపెన్ స్కూల్ విద్యార్థుల అర్హత గొడవ 2024 మార్చిలో సుప్రీంకోర్టులో వారికి అనుకూలంగా ముగిసింది. పాత నిబంధనలే చదివి ‘కుదరదు’ అని చెప్పేవారు ఇంకా ఉన్నారు. వారి మాట విని కూర్చుంటే ఏడాది పోతుంది.

ఎక్కువమందికి అందుబాటులో ఉన్నది జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్. మొత్తం పన్నెండో తరగతి మళ్లీ రాయనక్కరలేదు. కావలసిన సబ్జెక్టులకే చేరే వీలుంది. ఫిజిక్స్ కోడ్ 312, కెమిస్ట్రీ 313, బయాలజీ 314. ఇంగ్లీషు ఇదివరకే పాసై ఉంటే దాని జోలికి వెళ్లక్కరలేదు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే నెలల్లోనూ అక్టోబరు–నవంబరు నెలల్లోనూ జరుగుతాయి. నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం పడుతుంది. కాబట్టి అక్టోబరు విడతలోనే బోర్డు పరీక్ష, ప్రాక్టికల్స్ ముగించుకోవడం మేలని మా అభిప్రాయం. ఏప్రిల్‌లో రాస్తే రెండు పరీక్షలూ మీద మీద పడతాయి.

ఇక్కడే చాలామంది కాలు జారుతారు. ఎన్ఐఓఎస్‌లో 33 శాతం వస్తే పాసే. వైద్య ప్రవేశాల్లో మాత్రం ఈ మూడు సబ్జెక్టులూ కలిపి జనరల్ వర్గానికి 50, రిజర్వుడు వర్గాలకు 40 శాతం అన్నది ఏళ్ల తరబడి నడిచిన కొలత. మీ రాష్ట్ర కౌన్సెలింగ్ ప్రాస్పెక్టస్‌లో ఆ పేజీ ముందే చదవండి, లక్ష్యం మాత్రం 60 పైనే పెట్టుకోండి. ‘ఆరు నెలల్లో ప్లస్ టూ సర్టిఫికెట్’ అని గోడల మీద ప్రకటనలు వేసే బోర్డుల దగ్గరకు పోవద్దు. ఆ కాగితం కౌన్సెలింగ్ బల్ల దగ్గర తేలిపోతుంది.

నీట్ అసలు బరువు ఫిజిక్స్‌దే. మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. బయాలజీని పట్టుదలతో చదివి నిలబడే ఆర్ట్స్ విద్యార్థులు ఉంటారు. పదో తరగతి తరవాత లెక్కలు ముట్టనివారికి ఫిజిక్స్ దగ్గర చేతులు ఆగిపోతాయి. త్రికోణమితి, లాగరిథమ్‌లు, కొద్దిపాటి కలనగణితం రెండు నెలలు విడిగా చేశాకే ఫిజిక్స్ పుస్తకం తెరవాలి. 2025లో ఈ పరీక్షకు 22 లక్షలకు పైగా నమోదు చేసుకున్నారు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. ఈ అంకె చూసి భయపడమని కాదు, ఒక్క ఏడాదిలో అయిపోతుందనుకుని డబ్బు సర్దుకోవద్దని.

మనవాళ్లకు మరో చిక్కు భాష. నీట్ 13 భాషల్లో ఉంది, అందులో తెలుగూ ఉంది. కానీ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో రాసేవారు ఇంగ్లీషుకో ఆ రాష్ట్ర భాషకో అలవాటు పడాలి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది కనుక మొదటి నుంచీ ఇంగ్లీషులో చదవడమే నయం.

‘తెలుగువాళ్లం కదా, ఆంధ్రాలో సీటు రాదా?’ అని చాలామంది అడుగుతారు. స్థానికత ఎక్కడ చదివారు, ఎక్కడ నివసించారు అన్నదాన్ని బట్టి తేలుస్తారు, మాతృభాషను బట్టి కాదు. మీ అవకాశం మీరున్న రాష్ట్ర కోటాలోనూ, దేశమంతటికీ ఉన్న 15 శాతం కోటాలోనూ ఉంటుంది. యానాం పిల్లలకు పుదుచ్చేరి ప్రవేశాల్లో ప్రాంతీయ కోటా ఉంది. కొన్ని ప్రైవేటు కాలేజీలకు భాషా మైనారిటీ హోదా ఉంటుంది. అలాంటిచోట మాతృభాష తెలుగు అని రుజువు చూపాలి. పాఠశాల టీసీలో మాతృభాష గడిలో ఏం రాశారో ఈ రోజే చూసుకోండి. పొరపాటున రాష్ట్ర భాష రాసి ఉంటే దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది.

ఖర్చుకన్నా కాలం ముందు లెక్కించాలి. కోర్సు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. 21 ఏళ్లకు బీఏ ముగించి, రెండేళ్లు తయారై చేరితే చేతికి పట్టా వచ్చేసరికి 28 దాటుతుంది. పీజీ చేస్తే మరో మూడేళ్లు. ఆడపిల్ల అయితే ఈ లెక్క ఇంట్లో పెళ్లి మాటగా మారుతుందని మాకు తెలుసు. ఆ మాట కోచింగ్ ఫీజు కట్టకముందే కూర్చుని తేల్చుకోవాలి. బీఏ మాత్రం మధ్యలో ఆపవద్దు. ర్యాంకు రాకపోతే నిలబడేది దాని మీదే.

డాక్టరే కానక్కరలేదు, ఆస్పత్రిలో పనిచేస్తే చాలు అనుకునేవారికి దగ్గరి దారులున్నాయి. జీఎన్ఎం నర్సింగ్‌కు ఇంగ్లీషుతో పన్నెండు పాసైన ఆర్ట్స్ విద్యార్థులూ అర్హులే. ఆ తరవాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. సైకాలజీ బీఏ చదివినవారు ఎంఏ మీదుగా క్లినికల్ సైకాలజీ వైపు వెళ్లవచ్చు. సోషల్ వర్క్‌లో వైద్య, మానసిక ఆరోగ్య విభాగాలూ ఉన్నాయి.

ఎంబీబీఎస్సే కావాలని నిశ్చయించుకున్నవారు ముందు పదో తరగతి, పన్నెండో తరగతి మార్కుల జాబితాలు, టీసీ, కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం బయటికి తీసి పక్కపక్కన పెట్టుకోండి. పేరు, ఇంటిపేరు అన్నిట్లో ఒకేలా ఉందో లేదో చూడండి. తమిళనాడులో ఇంటిపేరు బదులు తండ్రి పేరు మొదటి అక్షరం వేసే అలవాటు వల్ల ఇక్కడే తేడాలు వస్తుంటాయి.