పాడువడిన గనులు, పాతిపెట్టిన విషములు : అస్సె గని చరిత్రము

మానవుడు తనకు కావలసిన పదార్థములను భూగర్భమునుండి త్రవ్వి తీసికొనుట అనాదిగా జరుగుచున్నది. బంగారము, ఇనుము, బొగ్గు, ఉప్పు అట్లు లభించినవే. తనకు అక్కరలేని విషపదార్థములను త్రవ్విన ఆ గనులలోనే దాచవలెనను తలంపు మాత్రము ఇరువదవ శతాబ్దమున బలపడినది. ఆ తలంపు ఎట్లు ఆచరణలోనికి వచ్చెనో, దానివలన నేమి సంభవించెనో జర్మనీ దేశమునందలి యొక ఉప్పుగని చరిత్రమువలన మనము తెలిసికొనవచ్చును.

ఉత్తర జర్మనీలో దిగువ శాక్సొనీ రాష్ట్రమున వోల్ఫెన్‌బ్యూటెల్ అను పట్టణము కలదు. గ్రంథాలయాభిమానులకు ఇది స్మరణీయమైన పేరు. 1572లో నెలకొల్పబడిన అచ్చటి గ్రంథాలయమునకు సుప్రసిద్ధ తత్త్వవేత్త లైబ్‌నిజ్ 1691 మొదలు 1716లో మరణించువరకు అధిపతిగా నుండెను. అంతకుముందు, 1680 తరువాతి సంవత్సరములలో, ఆయన హార్ట్జ్ పర్వతములందలి వెండిగనులలో నూరు నీటిని గాలిమరలచే తోడింపవలెనని చాలకాలము ప్రయత్నించి విఫలుడయ్యెను. గనికి నీరే ప్రథమ శత్రువు. మూడువందల యేండ్ల పిమ్మట ఆ పట్టణపు జిల్లాలోనే, అస్సె అను కొండవరుస క్రింద, ఆ శత్రువే వేరొక రూపమున ప్రత్యక్షమయ్యెను.

అస్సె కొండవరుస గర్భమున కోట్లకొలది సంవత్సరముల నాటి ఉప్పు నిక్షేపములు కలవు. అచ్చటి మొదటి గని 1906లో నీట మునిగెను. రెండవ గనిలో 1909 నుండి 1925 వరకు పొటాషు లవణమును, 1916 నుండి 1964 వరకు రాతియుప్పును త్రవ్విరి. పొటాషు పొలములకు ఎరువుగా నుపయోగపడునని మన రైతులకు చెప్పనక్కరలేదు. 1964లో పని ఆగిపోగా, మరుసటి యేట పశ్చిమ జర్మనీ ప్రభుత్వము ఆ గనిని కొనెను. అణువిద్యుత్తువలనను అణుపరిశోధనలవలనను మిగులు రేడియోధార్మిక వ్యర్థములను ఎచ్చట నుంచవలెనన్న ప్రశ్న అప్పటికే తలయెత్తియుండెను.

ఉప్పునే యేల యెంచుకొనిరి? ఉప్పు కరగక యుగములతరబడి నిలిచినదన్నచో అచ్చటికి నీరు చేరలేదన్నమాట. అదియునుగాక, భూభారమునకు ఉప్పురాయి మెల్లమెల్లగా జరిగి, తనలోని పగుళ్లను తానే పూడ్చుకొనును. ఈ వాదములో సత్యము లేకపోలేదు. అయితే అది మనుష్యుడు చేయివేయని ఉప్పునకు చెల్లును గాని, అర్ధశతాబ్దమునకు పైగా త్రవ్వి డొల్లచేసిన ఉప్పునకు చెల్లదు. అస్సె గనిలో దక్షిణపు వైపున ఉప్పుగోడ కొన్నియెడల కొలది మీటర్ల మందమే మిగిలినది. ఆ డొల్లలమీదికి కొండ ఒరుగుచుండ, ప్రక్కనున్న రాళ్లలో పగుళ్లు పుట్టెను.

1967 నుండి 1978 వరకు ఇంచుమించు 1,26,000 పీపాలను, పెట్టెలను ఆ గనిలోనికి దింపిరి. అవి 511 మొదలు 750 మీటర్ల లోతున పదుమూడు గదులలో నున్నవి. దానికి పరిశోధనల గని యని పేరు. మొదట పీపాలను వరుసగా పేర్చిరి. తరువాత పలుచోట్ల యంత్రముతో వాలుమీదినుండి దొరలించి, పైన ఉప్పు కప్పిరి.

1988 నుండి ఉప్పునీరు గనిలోనికి వచ్చుచున్నట్లు కనుగొనబడెను. పెక్కేండ్లు దినమునకు సుమారు పండ్రెండువేల లీటర్ల చొప్పున అది చేరుచుండెను. గనిలోని కొంత నీటిలో రేడియోధార్మిక పదార్థములు కలిసినవన్న సంగతి 2008లో బయటపడగా దేశమంతట కలకలము రేగెను. 2009 జనవరిలో గని నిర్వహణము రేడియోధార్మిక రక్షణ కార్యాలయమునకు మారెను. ఆ ఫిబ్రవరిలో పరిసరప్రాంతముల ప్రజలు వేలకొలది దీపములు చేబూని, బారులు తీరి నిలిచి తమ ఆందోళనను వెల్లడించిరి. అదే సంవత్సరము లెక్కలు తిరిగి చూడగా, గనిలోని ప్లుటోనియము సుమారు తొమ్మిది కిలోలు కాదు, ఇరువదియెనిమిది కిలోలని తేలెను. దాచిన వస్తువు ప్రమాదకరమగుట యొక కీడు. దాచినదెంతయో తెలియకపోవుట అంతకుమించిన కీడు.

వ్యర్థములన్నిటిని వెలికితీయుటయే మేలని 2010లో నిర్ణయించి, 2013లో అందులకై ప్రత్యేక శాసనము చేసిరి. 2033లో ఆ పని ఆరంభింపవలెనని పథకము వేసిరి. పండ్రెండేండ్లలోపల దింపినదానిని పైకి తెచ్చుటకు దశాబ్దములు పట్టునన్నమాట.

రసాయన వ్యర్థముల కథయు గమనింపదగినది. జర్మనీలోనే హెర్ఫా-నోయిరోడె అను పొటాషు గనిలో 1972 నుండి విషరసాయనములను, ఏది యే గదిలో నున్నదో లెక్క వ్రాసి భద్రపరచుచు వచ్చిరి. ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతమున విట్టెల్స్‌హైమ్ పొటాషు గనిలో 1999లో ఇట్టి నిలువనే తెరచి, కావలసినప్పుడు పైకి తీయవచ్చునని ప్రజలకు చెప్పిరి. 2002 సెప్టెంబరులో అందు నిప్పంటుకొని రెండు నెలలకు పైగా మండెను. అప్పటికి చేరిన వ్యర్థములు సుమారు 44,000 టన్నులు. ఉప్పు జరిగి సొరంగములు కుంచించుకొనుటచే తీయుట కష్టమయ్యెను. 2014, 2017ల నడుమ పాదరసపు వ్యర్థములలో అధికభాగమును మాత్రమే వెలికితేగలిగిరి. దేనిని రక్షకమని నమ్మిరో ఆ గుణమే ప్రతిబంధకమైనది.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. తెలుగువారును తమిళులును తరతరములుగా చెమటోడ్చిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడెను. అణువ్యర్థములను అందు దాతురను వార్త 2012లో పొక్కగా అచ్చటి ప్రజలు నిరసన తెలిపిరి. అట్టి ఉద్దేశము లేదని అధికారులు పిమ్మట ప్రకటించిరి.

విషపదార్థములను పుట్టించుచున్నంతకాలము వానిని ఎచ్చటనో యొకచోట ఉంచక తప్పదు. కావున భూగర్భమున నుంచుటయే తప్పని యీ చరిత్రము చెప్పుటలేదు. ముందుగా పరీక్షించిన చోటు, దాపరికము లేని పాలన, తప్పులేని లెక్క - ఈ మూడును ఉండవలెనని చెప్పుచున్నది. పీపాలు తుప్పుపట్టును, అధికారులు మారుదురు; వ్రాతయొక్కటే రాబోవు తరములకు మార్గము చూపును. లైబ్‌నిజ్ నాటి గ్రంథములు వోల్ఫెన్‌బ్యూటెలులో నేటికిని పదిలముగా నున్నవి. ఆ జిల్లాలోనే, అర్ధశతాబ్దమైనను గడవని పీపాల లెక్క తప్పినది. గ్రంథములకు చూపిన శ్రద్ధ విషములకును చూపవలసినదేకదా!