మోటుపల్లి రాయి

చీరాల పక్క బళ్ళో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పాను. "అందరికన్నా గొప్ప రాజెవరు మాస్టారూ?" అని ఏటా ఎవడో ఒకడు అడిగేవాడు. ఎన్ని యుద్ధాలు గెలిచాడో చెబుతానని వాడి ఆశ. నేను ఒకప్పటి ఓడరేవు మోటుపల్లిలో వీరభద్రుడి గుడికి తీసుకెళ్ళి, కాకతి గణపతిదేవుడి శాసనం చూపించేవాణ్ణి.

1244 నాటి అభయశాసనమది. అంతకుముందు తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ రాజే లాక్కునేవాడు. అప్పటికే మునిగినవాణ్ణి మళ్ళీ ముంచడమన్నమాట! ప్రాణాలకు తెగించి సముద్రం దాటొచ్చినవాడి దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోనన్నాడు గణపతిదేవుడు. దయతోపాటు కీర్తి కోసం, పుణ్యం కోసం కూడా అని తనే చెప్పుకున్నాడు. ఆ దాపరికం లేకపోవడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. రేవు నమ్మకమైనదైతే ఖజానాకూ లాభమే, కాదనను.

కంచిదాకా సాగిన ఆయన దండయాత్రలను పిల్లలు పరీక్షకు బట్టీపట్టేవాళ్ళు. నిలిచింది మాత్రం ఆ అభయమే: కాకతీయులు పోయాక, 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిస్తూ ఇంకో శాసనం వేయించాడు.