మేస్త్రీ ఓడ దిగిన కథ

మేడే సంచికకు ఏదో ఒకటి రాయమని మా ఎడిటరు గారి హుకుం. పొద్దున్నే సంగారెడ్డి పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు వస్తే విషయం రోడ్డు మీదే దొరుకుతుంది. తాపీ, రసమట్టం, టిఫిన్ డబ్బా కుక్కిన సంచులతో కూలీలు. వాళ్ల మధ్య ఫోను చెవిన పెట్టుకుని మేస్త్రీ.

ఈ మేస్త్రీ పోర్చుగీసు ‘మెస్త్రె’ అని 1886లోనే హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తేల్చింది. లాటిన్ ‘మాగిస్తెర్’ ఇతని తాత. స్పెయిన్‌లో ‘మాయెస్త్రో’ బడిపంతులు. కాటలాన్ వాళ్ల ‘మెస్త్రె దె కాజెస్’ అచ్చంగా మన తాపీమేస్త్రీ. ఆ తాతకే ఇంకో మనవడు ఇంగ్లీషు ఓడలో వచ్చి కోస్తాలో బడి మాస్టారూ, హోటల్లో టీ మాస్టరూ అయ్యాడు. మన మేస్త్రీ మాత్రం పోర్చుగీసు ఓడలోనే వచ్చాడు; 1510లో గోవా వాళ్ల చేతికి చిక్కింది. అక్కణ్నుంచి మూడు శతాబ్దాలు ఒక్క అంగలో దాటేద్దాం. మన దగ్గర మేస్త్రీ తాపీపని చేసే సుతారి పక్కన చేరి ‘సుతారి మేస్త్రి’ కూడా అయ్యాడు.

నాకిష్టమైన మేస్త్రీ మాత్రం రంగంలో ఉన్నాడు. రంగం అంటే రంగూన్. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల జనం ఆవిరి ఓడలెక్కి బర్మా పోయిన కాలం అది. కోరంగి రేవు పేరుతో వాళ్లందరూ అక్కడ ‘కోరంగీలే’. సిలోన్, మలయా తోటలకు కూలీలను తెచ్చే కంగాణి ఎలాగో, బర్మాకు మేస్త్రీ అలాగ. ఊళ్లోకొచ్చి బయానా ఇచ్చేవాడు, ఓడ టిక్కెట్టు కొనేవాడు, రేవులోనో బియ్యం మిల్లులోనో పనిలో పెట్టేవాడు. కూలి డబ్బు అతని చేతి మీదుగానే రావాలి, అదీ బాకీ, వాటా కోసుకున్నాక. వాళ్లలోనూ అంతస్తులు: గ్యాంగు మేస్త్రీ, అతని మీద ఛార్జి మేస్త్రీ, ఆ పైన హెడ్ మేస్త్రీ. హెడ్ మేస్త్రీకి తాపీ పట్టడం రావాలా? అక్కర్లేదు. పని తెలిసినవాడి బిరుదు పనివాళ్లను తెచ్చేవాడికి దక్కింది.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల చోట కంపెనీలు బర్మీయులను పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నాయి. మే 26న ఆ కడుపుమంట కొట్లాటగా మారి, కంపెనీలను వదిలేసి కోరంగీల మీద పడింది. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను సైన్యం వచ్చేసరికి వేలాదిమంది కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన తిరుగుముఖం పట్టారు.

ఆ తర్వాత కథ చెట్టుకొకటిగా చెదిరిపోతుంది. పాలమూరు గుంపు మేస్త్రి ప్రాజెక్టుల మట్టిపనికి జనాన్ని దేశమంతా తిప్పాడు. మున్సిపాలిటీకి శానిటరీ మేస్త్రీ వచ్చాడు. 1993లో చిరంజీవి ‘ముఠామేస్త్రి’ అయి మార్కెట్టు నుంచి మంత్రి పదవి దాకా వెళ్లాడు. సినిమా కాబట్టి సరిపోయింది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఇప్పుడు ఒడియా సర్దార్, బిహారీ ఠేకేదార్. పిలుపే మారింది, బయానా మారలేదు.

రాష్ట్రం దాటించి కూలీలను తెచ్చేవాడికి లైసెన్సు ఉండాలని 1979లో చట్టమొచ్చింది. 1996 చట్టం నిర్మాణ కూలీలకు సంక్షేమ బోర్డు తెచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే అందులో పేరు రాయించుకోవచ్చు. ఇల్లు కట్టిస్తున్నవాళ్లు స్లాబు వేయకముందే మీ మేస్త్రీని అడగండి: కూలీలకు ఆ బోర్డు కార్డులు ఉన్నాయా?