రమ్మంటే రచ్చ!

వసంత్ కుంజ్‌లోనో, ఢిల్లీలో మరే కాలనీలోనో మందు షాపుకెళ్లి ‘ఓల్డ్ మంక్’ అంటే చాలు, ఒళ్లంతా సొట్టలున్న పొట్టి సీసా చేతికొస్తుంది. రమ్ము అని విడిగా చెప్పక్కర్లేదు. 1954లో దాన్ని తెచ్చిన మోహన్ మీకిన్ వాళ్ల ఫ్యాక్టరీ పక్కనే, గాజియాబాద్ మోహన్ నగర్‌లో ఉంది. సరుకు మనదే. రమ్ము అనే పేరు మాత్రం బార్బడోస్ చెరకు తోటల్లో పుట్టింది.

ఆ దీవిలో పంచదార వండగా నల్లటి మడ్డి, అంటే మొలాసిస్, కుప్పలుగా మిగిలేది. దానికి నీళ్లు కలిపి, పులియబెట్టి, బట్టీ పెడితే మందు దిగేది. పారబోసే సరుకుతో తయారవుతుంది కనుక కారుచవక. 1651 నాటి ఒక రాతలో దానికి రెండు పేర్లున్నాయి: ‘రంబులియన్’, ‘కిల్ డెవిల్’. మొదటిదానికి ఇంగ్లండ్‌లోని డెవన్ యాసలో రచ్చ, గలాటా అని అర్థం చెబుతారు. రెండోది దెయ్యాన్ని సైతం చంపే సరుకు! 1654లో అమెరికాలోని కనెక్టికట్ పాలకులు దీన్ని జప్తు చెయ్యమనే నాటికే రంబులియన్ తోక తెగి ‘రమ్’ అయింది. కిల్ డెవిల్ ఫ్రెంచివాళ్ల నోట పడి ‘గిల్దీవ్’గా మారింది.

రచ్చకెక్కిన పేరుకు పరువు తెచ్చింది నౌకాదళం. బ్రిటిష్ నావికులకు రోజూ రమ్ము కోటా ఉండేది. తాగి తూలుతున్నారని 1740లో అడ్మిరల్ వెర్నన్ నీళ్లు కలిపి పొయ్యమన్నాడు. ఆయన గ్రోగ్రమ్ బట్ట కోటును చూసి నావికులు పెట్టిన ‘ఓల్డ్ గ్రాగ్’ అనే ముద్దుపేరు ఆ పలచటి మందుకు అంటుకుంది. ఆ కోటా 1970 జూలై 31 దాకా సాగింది. మన దగ్గర ‘మిలట్రీ రమ్ము’ మీదున్న మోజు సంగతి చెప్పేదేముంది?

బెల్లం ఊట కాచి దించే మన నాటుసారా, గుడుంబా దీనికి దగ్గరి చుట్టాలే. మొలాసిస్ స్పిరిట్‌తో చేసి ప్యాకెట్లలో అమ్మిన సర్కారీ సారాదీ అదే వంశం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన ఉద్యమంతో 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి రమ్మూ ఆగింది. 1997లో నిషేధం సడలాక రమ్ము దర్జాగా తిరిగొచ్చింది, సారాకు తలుపు తెరుచుకోలేదు. రెంటికీ తల్లి చెరకే. నల్లబెల్లం, పటిక మూటలు దొరికితే కేసు, సీలున్న సీసా దొరికితే బిల్లు.