విశాఖ జిల్లాలో బడి పద్దులు, బడి గోడలు

ఈ ప్రత్యేక సంచికకు మన జిల్లా బడుల చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. బడుల చరిత్ర అంటే హెడ్మాస్టర్ల గురించీ, పరీక్ష ఫలితాల గురించీ రాయడం మామూలు. అది నాకన్న బాగా రాయగల ఉపాధ్యాయ మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను స్థానిక సంస్థల లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. కనుక నాకు తెలిసిన దారి పద్దుల దారి. ఆ దారిన వెనక్కి వెళితే ఒక సంగతి మొదటినుంచీ కనబడుతూనే ఉంటుంది. బడి కట్టడానికి ప్రతి కాలంలోనూ ఎవరో ఒకరు డబ్బు ఇచ్చారు. కట్టిన బడికి ఏటా సున్నం వేయించడానికీ, కారే కప్పు బాగుచేయించడానికీ నికరమైన పద్దు మాత్రం చాలా కాలం పుట్టలేదు.

మద్రాసు ప్రభుత్వం 1920లో ప్రాథమిక విద్యాచట్టం చేసింది. లోకల్ బోర్డుల చట్టం కూడా ఆ ఏటిదే. జిల్లాబోర్డులు, మునిసిపాలిటీలు విద్యకోసం ప్రత్యేకంగా పన్ను వేసుకోవచ్చుననీ, అంతమేరకు ప్రభుత్వం తన వాటా ఇస్తుందనీ అప్పట్లో ఏర్పాటు. కాగితం మీద ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు. కాని పన్ను వేయవలసినవారు ఎన్నికలలో నిలబడవలసినవారే! అందుచేత చాలాచోట్ల బడి అంటే దేవాలయ మండపమో, అద్దె ఇల్లో, ఎయిడెడ్ మేనేజరుగారి వీధి అరుగో. అద్దె బడికి గోడ బాగుచేయించే బాధ్యత ఇంటి యజమానిది. ఆ యజమాని చేయించకపోతే అడిగేవారు లేరు.

తర్వాత ఊరు పెరిగింది. 1933లో రేవు తెరిచారు. 1931 జనాభా లెక్కల్లో సుమారు 57 వేలున్న విశాఖపట్నం 1951 నాటికి లక్షా 8 వేలయింది. రైల్వేవారు, పోర్టువారు తమ ఉద్యోగుల పిల్లలకు ఏదో ఒక ఏర్పాటు చూసుకోగలిగారు. బుట్ట మోసే కూలీ పిల్లవాడికి మాత్రం మునిసిపల్ బడే గతి. పల్లెల్లో హైస్కూలు కావాలంటే గ్రామస్థులు స్థలం ఇచ్చి, చందాలు పోగుచేసి, ధరావతు కట్టి బోర్డును ఒప్పించుకోవాలి. మన జిల్లాలో పాత హైస్కూళ్ళ గోడలకు దాతల పేర్ల పలకలు ఉండడానికి కారణం ఇదే. ఆ పలకలు చదివితే ఏ ఊళ్ళో ఎవరు గది కట్టించారో తెలుస్తుంది. మరమ్మతు చేయించినవారి పేరున్న పలక నేను ఇంతవరకు చూడలేదు.

1959 నవంబరు 1న షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ ప్రారంభమైంది. జిల్లాబోర్డు పోయి జిల్లాపరిషత్తు వచ్చింది. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకు, హైస్కూళ్ళు జిల్లాపరిషత్తుకు చేరాయి. సమితికి వచ్చే గ్రాంటులోంచే టీచరు జీతం. గ్రాంటు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే. ఆ రోజుల్లో మాస్టార్లు కిరాణా కొట్టులో ఖాతా పెట్టుకుని బతికిన సంగతి ఈ సంచిక చదివే కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు. ఉపాధ్యాయ సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడిన మీదట జీతాలు 010 పద్దు కింద ట్రెజరీ ద్వారా వచ్చాయి. ఈనాడు మనలో చాలామంది నెల మొదట్లో నిశ్చింతగా పెన్షన్ కోసం చూడగలుగుతున్నామంటే దానికి పునాది అక్కడే పడింది.

అయితే దీనికొక రెండో వైపు ఉంది. అది సాధారణంగా ఎవరూ రాయరు కనుక రాస్తున్నాను. జీతాలు రాష్ట్ర ప్రభుత్వం లెక్కల్లోకి వెళ్ళిపోయాయి. భవనాలు మాత్రం జిల్లాపరిషత్తు ఆస్తిగా ఉండిపోయాయి. పరిషత్తు సాధారణ నిధులకు వచ్చేది స్టాంపు డ్యూటీ సర్‌ఛార్జీలో వాటా, గనుల సీనరేజీలో వాటా, అద్దెలు వగైరా. అందులో ఎస్సీల సంక్షేమానికి 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, మహిళా శిశు సంక్షేమానికి 15 శాతం ముందే తీసిపెట్టాలి. అది న్యాయమే. మంచినీళ్ళు, రోడ్లు, ఆఫీసు ఖర్చులు పోగా మిగిలినదానికోసం జిల్లా అంతటి బడి కప్పులూ నిలబడి ఎదురుచూడాలి. బడ్జెట్టులో సాధారణ విద్య పద్దు 2202, నిర్మాణాల పద్దు 4202. మొదటిదాంట్లో సింహభాగం జీతాలకే పోతుంది. రెండోది కొత్త గదికి. పాత గది కారితే ఏ పద్దులో రాయాలన్నది లెక్కల గుమాస్తాకు నిత్య సమస్య.

దీనికి తోడు వానకూ బడ్జెట్టుకూ పొత్తు కుదరదు. మన ప్రాంతంలో వానలు జూన్‌లో మొదలై అక్టోబరు తుపానులదాకా ఉంటాయి. జూలైలో కప్పు కారుతున్నదని హెడ్మాస్టరుగారు ఉత్తరం రాస్తారు. ఇంజనీరు వచ్చి అంచనా వేసేసరికి దసరా. సాంకేతిక మంజూరు, పాలనా మంజూరు అయ్యేసరికి సంక్రాంతి. నిధులు ఫిబ్రవరి ఆఖరున విడుదలవుతాయి, మార్చి 31 లోపల ఖర్చు కాకపోతే మురిగిపోతాయి. మార్చి అంటే పరీక్షలు. పరీక్ష హాలు మీద పలుగు వేయనిచ్చే హెడ్మాస్టరు ఎవరు? ఒక పల్లెటూరి హైస్కూలు నుంచి వరుసగా నాలుగేళ్ళు ఒకే ఉత్తరం రావడం నాకు గుర్తుంది. తారీఖు మాత్రమే మారేది. ఐదో ఏట ఆ మాస్టారు స్పెషల్ ఫీజుల నిధిలోంచి టార్పాలిన్ కొన్నారు, ఆడిట్ అభ్యంతరం వచ్చింది. ఆ అభ్యంతరానికి సమాధానం తయారుచేయడంలో నేనూ ఒక చెయ్యి వేశాను. ఆ పని గురించి నాకు ఇప్పటికీ సంతోషమే.

ఉక్కు కర్మాగారం కథ తెలిసిందే. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. భూములిచ్చిన కుటుంబాలు గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి వైపు పునరావాస కాలనీల్లోకి వచ్చాయి. ఉక్కునగరం లోపలి బడులకు కర్మాగారం అండ ఉండేది. ప్రహరీ బయట, కర్మాగారం సాయంతో నడిచిన కొన్ని బడులను మినహాయిస్తే, భారమంతా జిల్లాపరిషత్తు బడుల మీద పడింది. పల్లెటూరి లెక్కతో కట్టిన గదుల్లో పట్నమంత జనం పిల్లలు కూర్చున్నారు. 2005 నవంబరులో గాజువాక మునిసిపాలిటీని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. ఆ తర్వాత కూడా గాజువాక, మధురవాడ చంద్రంపాలెం వంటి చోట్ల హైస్కూళ్ళు జిల్లాపరిషత్తు పేరుతోనే సాగాయి. ఇంటి పన్ను నగరపాలక సంస్థకు, బడి జిల్లాపరిషత్తుకు. కుళాయి పైపు పగిలితే ఏ కార్యాలయానికి వెళ్ళాలో తేల్చుకోవడానికే ఒక పూట పట్టేది.

ఇక కట్టడాల సంగతి. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు ఎండావానలకు తట్టుకునే రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధనా సామగ్రి అన్నది లక్ష్యం. సామగ్రికి కేంద్రం డబ్బిచ్చింది. గదులను మాత్రం గ్రామీణ ఉపాధి పథకాల సొమ్ముతో కట్టుకోమన్నారు. ఆ పథకాలలో కూలికి ఎక్కువ, సామగ్రికి తక్కువ ఖర్చు చేయాలని నిబంధన. చెరువుగట్టుకు అది సరిపోతుంది, సిమెంటూ ఇనుమూ కావలసిన శ్లాబుకు ఎలా సరిపోతుంది? సగంలో ఆగిన గోడలు ఆ విధంగా వెలిశాయి.

బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మనం ఏపీపెప్ అనేది, ఈ విషయంలో మెరుగు. 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై 1989 నుంచి 1996 దాకా పూర్తిస్థాయిలో సాగింది. గదులతోపాటు టీచర్లు నెలనెలా కలుసుకునే కేంద్రాలు కట్టారు, 23 జిల్లాల ఉపాధ్యాయులకూ శిక్షణ ఇచ్చారు. పిల్లల బొమ్మలు గోడకు అంటించడం చాలా బడుల్లో అప్పుడే అలవాటయింది.

2001లో వచ్చిన సర్వశిక్షా అభియాన్ మొదటిసారి మరమ్మతును వేరే పద్దుగా గుర్తించింది. బడికి ఏడాదికి 5 వేల రూపాయల వరకు, అదీ పాఠశాల కమిటీ చేతికి. చిన్న మొత్తమే. అయినా హెడ్మాస్టరు ఉత్తరం రాయకుండా రెండు పెంకులు మార్పించగలిగాడు. 2004 జూలై 16న కుంభకోణంలో పూరికప్పు వంటశాల నుంచి మంటలు లేచి బడిలో 94 మంది పసివాళ్ళు చనిపోయాక, కప్పు అంటే ప్రాణం అని దేశమంతటికీ తెలిసింది. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్‌లో మన నగరంలో రేకుల కప్పులు ఎలా ఎగిరిపోయాయో మనం కళ్ళారా చూశాం.

ఇన్ని లోపాలమధ్య కూడా ఈ బడులు సాధించినది తక్కువ కాదు. జిల్లాలో అక్షరాస్యులు 1991లో నూటికి 45 మంది, 2001లో 60, 2011లో దాదాపు 67. రేకుల కింద, చెట్ల కింద చెప్పిన పాఠాల ఫలితమే అందులో ఎక్కువ భాగం.

2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన మనబడి నాడు–నేడులో తొలి విడతకు రాష్ట్రంలో 15,715 బడులు ఎంపికయ్యాయి. 3,600 కోట్లకు పైగా ఖర్చయింది. నీటి వసతితో మరుగుదొడ్లు, విద్యుత్తు, తాగునీరు, బల్లలు, రంగులు, ప్రహరీ. పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. ఖర్చు ఎక్కువైందన్నవారూ ఉన్నారు, రెండో విడత పనులు చాలాచోట్ల సగంలో ఆగాయన్నదీ నిజమే. లెక్కలవాడిగా నా దృష్టి మాత్రం రంగుల మీద కంటె వేరొకదాని మీద పడింది. 2021లో అమ్మఒడి 15 వేలలోంచి 1,000 రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణ నిధికి మినహాయించారు. 2022లో మరో 1,000 బడి నిర్వహణ నిధికి. ప్రభుత్వం మారి 2025లో పథకం పేరు తల్లికి వందనం అయినా ఆ 2,000 మినహాయింపు పోలేదు. తల్లికి రావలసిన సొమ్ములోంచి కోయడం న్యాయమా అన్న ప్రశ్నకు నావద్ద తేలికైన జవాబు లేదు. అంతకుముందు నూరేళ్ళు బోర్డూ, పరిషత్తూ పెట్టలేని నికరమైన పద్దు పుట్టిందన్నది మాత్రం వాస్తవం.

ఏపీపెప్ కాలంలో వేసిన శ్లాబులకు ఇప్పటికి ముప్పై ఏళ్ళు దాటాయి. ఉప్పుగాలి తగిలే భీమిలి, పెదగంట్యాడ వైపు కాంక్రీటు లోపలి ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. మన సంఘంలో రిటైరయిన ఇంజనీరు మిత్రులు పలువురున్నారు. వాన పడకముందు, మే నెల సెలవుల్లో, తమ పేటలోని బడి కప్పు ఒకసారి కిందినుంచి చూసి, పెచ్చులూడినచోట సుద్దముక్కతో గుర్తుపెట్టి కమిటీవారికి చెబితే బాగుంటుంది.